వరద తగ్గాక ఉప్పుటేరు

తుపాను తీరం దాటి రెండు రోజులైంది. శ్రీకాకుళం కాలేజీలో నీటిపై పరిశోధన చేస్తున్న భారతి మొదటి బస్సుకే ఉప్పుటేటి ఒడ్డుకు వచ్చింది. ఎండ కాస్తోంది, గాలి లేదు. అయినా ఆమె మనసు కుదురుగా లేదు.

ఆ ఏటిలో దాలమ్మ పెట్టెల్లో పీతల్ని పెంచుతోంది. ఒక్క పెట్టె కూడా కొట్టుకుపోలేదని సంబరపడుతోంది. పక్కనే తాళ్లకు కట్టి ఆమె మరిది జోగయ్య పెట్టెలు.

భారతి పడవ అంచున కూర్చుని, నీటిలో ప్రాణవాయువును కొలిచే మీటరు తీగను నీళ్లలోకి దించింది. పైన వరదనీరు, కింద ఉప్పునీరు. తేలికైన వరదనీరు మూతలా పరుచుకుంటే అడుగుకు గాలి అందదు. కొట్టుకొచ్చిన వరి, చెత్త కుళ్లుతూ, ఉన్న కాస్త ప్రాణవాయువునూ తినేస్తాయి. లీటరుకు ఐదు మిల్లీగ్రాములు ఉండాల్సిన చోట ఒకటిన్నర చూపింది. మూడుసార్లు దించినా అంతే. మీటరు మొన్నటి తుపాను వానలో తడిసింది, తప్పు చూపుతోందేమో. పీతల్ని ఊరికే పైకి తీయించి చంపుకుంటే?

ఇంకో గంట చూద్దామనుకుంది గానీ ఆగలేకపోయింది. తన అనుమానంతో సహా దాలమ్మకు చెప్పేసింది.

దాలమ్మ పెట్టెల వైపు చూసింది. "నిన్నటి నుంచి పీతలన్నీ పెట్టెల్లో పైకెక్కి కూకుంటన్నాయి. బెదిరినాయనుకున్నాను. ఊపిరాడకేటమ్మా?"

భారతి తల ఊపింది. తడి గోనెల్లో పీతలు రెండు మూడు రోజులు బతుకుతాయని దాలమ్మకు తెలుసు. ఇద్దరూ మధ్యాహ్నందాకా పీతల్ని తీసి గోనెల్లో వేశారు. జోగయ్య మాత్రం, తుపానుకే చావనివి ఎండకు చస్తాయా అని నవ్వి, ఇంటికప్పు కట్టుకోవడానికి వెళ్లిపోయాడు.

తెల్లారేసరికి ఏరంతా చచ్చిన చేపలు. జోగయ్య పెట్టెల్లో ఒక్క పీత కదల్లేదు. దాలమ్మ గోనెల్లో పదకొండు పోయాయి, మిగతావి బతికే ఉన్నాయి. నిన్న జోగయ్యకు ఇంకాస్త గట్టిగా చెప్పాల్సిందనుకుంది భారతి. ఎగువన ఇంకెవరైనా పీతలు పెంచుతున్నారా అని అడిగింది.

"వంతెన కాడ పది కుటుంబాలున్నాయి," అన్నాడు జోగయ్య, తల ఎత్తకుండా. తర్వాత తెడ్డు అందుకున్నాడు. "పడవెక్కు. నాను సెప్తే ఇంటారు."

అక్కడ అందరూ విన్నారు. మర్నాడు సాయంత్రం సముద్రపు పోటు తాజా ఉప్పునీటిని లోపలికి తోసింది. మీటరు నాలుగు దాటాకే దాలమ్మ పీతల్ని దించింది. వాటిలో ఆరు పెట్టెల్ని పీతలతో సహా మరిదికిచ్చి, అతని తాళ్లకు కట్టింది.