పెళ్లిచీరకు ఫాల్

శనివారం పొద్దున్నే ప్యాకెట్ విప్పి చూస్తే ఎర్రచీర!

మా అమ్మాయి ఎలీనా పెళ్లి వచ్చే శనివారం. పెళ్లిచీరకు ఫాల్ కుట్టించమని మా ఆయన చేతికిచ్చి బాలత్రిపురసుందరి ఇంటికి పంపాను. తిరిగొచ్చింది ఇది. ఎవరిదో గృహప్రవేశంలో పెట్టిన చీర, ఒక్కసారి కట్టుకుంటే ఒళ్లంతా దురద పుట్టించిన చీర. కోసి సంచులు కుట్టుకోండని సేల్‌కి ఇచ్చేసిన చీర. దానికి వంక పెట్టడానికి లేకుండా ఫాల్ కుట్టి, అంచులకు పికో చేసి, కొంగు దగ్గరి చిరుగు కనపడకుండా రఫూ చేసి, నాలుగు మూలలా పసుపు పెట్టి, ఇస్త్రీ చేసి మరీ పంపింది మహాతల్లి.

మరి నా తెల్లచీర ఏది?

"ఏవండీ!" అని నేను అరిచిన అరుపుకి మా ఆయన రత్నరాజు సగం గడ్డం గీసుకున్న మొహంతో బాత్రూంలోంచి బయటికొచ్చాడు.

"నేను మీకిచ్చింది రెండు సంచులు. పసుపు సంచిలో పెళ్లిచీర. నల్ల సంచిలో సేల్‌కి ఇచ్చే పాతచీరలు. ఇచ్చారా?"

"ఇచ్చానే."

"రెండూ వేరువేరుగా ఇచ్చారా?"

ఆయన మొహం చూస్తేనే తెలిసిపోయింది.

"డిక్కీలో వింటర్ టైర్లున్నాయే. చోటు లేక అన్నీ ఒకదాంట్లో సర్దేశా. నువ్వెలాగూ ఆవిడకి మెసేజ్ పెట్టావుగా!"

పెట్టాను. వాట్సాప్‌లో నా గొంతుతోనే చెప్పాను. "త్రిపురగారూ, వాటిలో ఎలీనా పెళ్లిచీర ఉంది, దానికి ఫాల్ వేసి పెట్టండి. మిగతావి సేల్‌కి కోసేసుకోండి" అన్నాను. ఇంతకంటే ఎలా చెప్పాలి? పెళ్లిచీర అంటే తెల్లగా ఉంటుందని వేరే చెప్పాలా? మా ఇళ్లల్లో ఎవరినైనా అడగండి, మా అమ్మమ్మ తెల్లచీరతోనే పెళ్లిచేసుకుంది, మా అమ్మ తెల్లచీరతోనే చేసుకుంది, నేనూ అంతే. ఎర్రచీర కట్టుకుని చర్చిలో నిలబడ్డ పెళ్లికూతురిని నేనైతే ఇంతవరకు చూడలేదు.

ఆయన్ని లాక్కుని కారెక్కాను. మిగతా సగం గడ్డం కూడా గీసుకోనివ్వలేదు.

ఇక్కడ కెనడాలో, మా ఒషావాలో తెలుగు ఆడవాళ్లం ఏటా నవంబరులో చేతికుట్టు వస్తువుల సేల్ పెడతాం. వచ్చిందంతా మొగుడి దెబ్బలు పడలేక పిల్లలతో ఇల్లు విడిచొచ్చిన ఆడవాళ్ల షెల్టర్‌కి ఇస్తాం. పని పెద్ద కష్టమేం కాదు. మిషన్ మీద తిన్నగా ఒక కుట్టు వేయగలిగితే చాలు. పాతచీరలు కోసి సంచులు, జిప్పు పౌచ్‌లు, జుట్టుకు వేసుకునే స్క్రంచీలు కుట్టేస్తాం. ఇక్కడివాళ్లు పాట్ హోల్డర్లని ముచ్చటగా కొనుక్కునేవి కూడా కుడతాం, అవి మన మసిగుడ్డలే, కాస్త మందంగా ఉంటాయి. అందరూ చేరేది త్రిపుర ఇంటి బేస్‌మెంట్‌లో. నర్సింగ్‌హోంలో ఓవర్‌టైం పడి ఈసారి నేను వెళ్లలేకపోయాను. వెళ్లుంటే ఆ కత్తెర నా చీర మీద పడేది కాదు.

ఆ చీర సంగతి చెప్తాను వినండి. మా అమ్మ శాంతమ్మ నరసాపురంలో లేసు అల్లేది. జీవితమంతా అల్లింది, జీవితమంతా ఊళ్లోవాళ్లకీ పైదేశాలవాళ్లకీ అల్లింది. తన ఇంటికంటూ అల్లుకున్నది ఒక్క నా పెళ్లిచీరకే. తెల్ల పట్టుచీర, సన్నటి వెండిజరీ గీత, ఆ గీత పక్కనే చీర పొడవునా అమ్మ చేతి లేసు. కొంగుకైతే జానెడు వెడల్పున అల్లింది. అమ్మ ఇప్పుడు లేదు. డబ్బు పోస్తే పట్టుచీర వస్తుంది, అమ్మ లేసు ఎక్కడినుంచి వస్తుంది?

ఎలీనా ఇక్కడ పుట్టిన పిల్ల. గౌను వేసుకుంటానంది. ఏడాదిపాటు మా ఇద్దరికీ అదే యుద్ధం. చివరికి విసిగిపోయి, నీ ఇష్టమొచ్చింది వేసుకో అని వదిలేశాను. వదిలేశాక ఒకరోజు తనే సూట్‌కేసు తెరిచి, ఆ లేసు వేళ్లమధ్య పట్టుకుని, "అమ్మమ్మ మేడ్ దిస్? ఐ వాంట్ దిస్ వన్" అంది. నేను వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను. అదీ ఆ చీర.

సేల్ ఆ రోజే. కమ్యూనిటీ సెంటర్ హాల్లో అప్పటికే జనం మూగారు. ఎలీనా స్క్రంచీల బల్ల దగ్గర నిలబడి అమ్ముతోంది. త్రిపుర నన్ను చూడగానే ముఖమంతా నవ్వుతో ఎదురొచ్చింది.

"రండి రండి దయావతిగారూ! చీర నచ్చిందా? కొంగు దగ్గర చిరిగి ఉండె, మంచిగ రఫూ చేసిన. పెళ్లిచీరకు చిరుగుంటే బాగుండదని."

"తెల్లచీర ఏదండీ?"

"ఏ తెల్లచీర?"

"పట్టుది. అంచుకు లేసుంది."

"ఓ, అదా! లైనింగ్‌కి వాడినం కదా. ఎంత మెత్తగుందో!" అంటూ బల్లమీంచి ఒక నీలంపూల సంచి తీసి నా చేతిలో పెట్టింది.

సంచిలో చెయ్యి పెట్టి లోపలి గుడ్డ బయటికి లాగాను. నా చీరే. జరీ గీత కుట్టుకు అడ్డంగా తెగి ఉంది. ఇంకో సంచి తీశాను, ఇంకోటి తీశాను, అన్నింటి కడుపులోనూ నా చీరే. పక్కబల్ల మీద మసిగుడ్డలు వరసగా పరిచి ఉన్నాయి. వాటి చుట్టూ అంచు కట్టింది మా అమ్మ లేసుతో. వేడి గిన్నెలు దించుకోవడానికి!

"ఎందుకు కోశారండీ?" అన్నాను.

"అది... తెల్లచీర కదా. ఎవరింట్లోనో పెద్దావిడ పోతే ఆమె చీర ఇచ్చేసిన్రనుకున్న. పైకి కనపడేటట్టు కుడితే మనవాళ్లెవరు కొంటరు చెప్పండి? అందుకే లోపల వేసిన."

"అది నా పెళ్లిచీర. వచ్చే శనివారం నా కూతురు కట్టుకోవాల్సిన చీర!"

త్రిపుర నా చేతిలోని తెల్లగుడ్డ వైపు చూసింది. "పెళ్లికి... తెల్లచీరనా?" అంది.

ఇక నా నోటికి అడ్డూ అదుపూ లేదు. హాలంతా తిరిగి చూసేలా అరిచాను. "మా హాల్లో సోఫా వెనక నా పెళ్లి ఫొటో ఉంది కదండీ! ఆ సోఫాలో కూర్చునే కదా ఇన్నేళ్లుగా నా చేతి కాఫీ తాగారు! ఒక్కసారైనా తల తిప్పి చూశారా? పండక్కి మీ ఇంటికొస్తే నేను గడప తొక్కేముందు మీ ముగ్గు చూసి బాగుందంటాను. మీ నోముల పేర్లు నాకు నోటికొచ్చు. నా పెళ్లి చీర రంగేమిటో మీకు తెలీదు! పైగా కనపడకూడదని లోపల దాచారా? ఏం, నా చీర అంత సిగ్గుపడాల్సిందా?"

"దయావతిగారూ, నాకు నిజంగ తెలియదండీ..."

"తెలీకపోతే అడగాలి! ఫోన్ లేదా మీకు? దయావతీ, పెళ్లిచీర ఏదమ్మా అని అడిగితే మీ సొమ్మేం పోయేది?"

సమోసాల కౌంటర్ దగ్గర్నుంచి ఆవిడ భర్త యోగానంద్ పరుగున వచ్చారు. "చెల్లెమ్మా, ఏదో పొరపాటైంది. మేం కొనిస్తం. కంచిపట్టు, పెళ్లికూతురికి తగ్గట్టు మంచి ఎర్రటిది..."

"మీరుండండి అన్నయ్యగారూ! ఎర్రటిదట, ఎర్రటిది! ఇంకా అర్థం కాలేదా మీకు?"

అప్పటికే మా ఆయన సంచులన్నీ పోగేస్తున్నాడు. ఒకావిడ ఇందాకే ఒక సంచి కొనుక్కుని వెళ్లిందని ఎవరో చెప్తే, సగం గడ్డంతో పార్కింగ్ లాట్‌లోకి పరిగెత్తాడు. పరిగెత్తనీ. టైర్లకు డిక్కీలో చోటిచ్చి చీరకు ఇవ్వనందుకు ఆ మాత్రం పరిగెత్తాల్సిందే.

ఎలీనా వచ్చింది. "మామ్, వై ఆర్ యూ యెల్లింగ్?" అంటూనే నా చేతిలోని సంచి చూసింది, బయటికి వేలాడుతున్న తెల్లగుడ్డ చూసింది. గుర్తుపట్టింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. త్రిపుర వైపు తిరిగి చాలా నెమ్మదిగా అడిగింది.

"ఆంటీ, వై? వాట్స్ రాంగ్ విత్ వైట్?"

పక్కన నిలబడ్డ మా కుట్టు బృందంలోని దమయంతి ఫోన్ చూసుకుంటున్నట్టు నటించింది. ఎవరూ చెప్పకపోతే నేనే చెప్పాను. "మొగుడు పోయినావిడ కట్టుకునే రంగు అని వాళ్ల లెక్క. అశుభమని. అందుకే కోసేశారు."

ఎలీనాకి అది తెలీదు. నేనెప్పుడూ చెప్పలేదు, చెప్పాల్సిన అవసరం రాలేదు. ఆ మాట దాని మొహంలో దిగడం నా కళ్లతో చూశాను. నాకు చీర కోసినదానికంటే అదే ఎక్కువ మండింది.

త్రిపుర ఏడుస్తూ బల్లకింద అట్టపెట్టెలోంచి ఒక మడత తీసింది. నా చీర కొంగు. జానెడు లేసుతో అలాగే ఉంది. "ఇది మాత్రం కొయ్యబుద్ధి కాలేదండీ. అల్లిక అంత బాగుంది. తప్పు నాదే. మీ కాళ్లు పట్టుకుంట."

"కాళ్లెందుకు? తప్పైందంటున్నారుగా. ఇదిగో, ఈ కొంగు ఒక్క నిమిషం మీ భుజాన వేసుకోండి. అప్పుడు నమ్ముతాను."

అందరికీ వినపడేలానే అన్నాను. త్రిపుర ఆ గుడ్డ వైపు చెయ్యి చాచింది. చాచి, యోగానంద్ వైపు చూసింది. ఆయనకు ఈ వేసవిలోనే గుండెకు స్టెంట్ వేశారు. హాస్పిటల్లో ఉన్నన్నాళ్లూ వాళ్లింటికి అన్నం వండి పంపింది నేనే. ఆవిడ ఎటు చూస్తోందో, ఎందుకు చూస్తోందో నాకు తెలుసు. తెలిసే అడిగాను. కోపమొస్తే నేనింతే.

చెయ్యి వెనక్కి వెళ్లిపోయింది. "నావల్ల కాదండీ," అంది.

"చూశారా!" అన్నాను హాల్లో ఉన్నవాళ్లందరితో. "చీర కోసినందుకు రేపో మాపో క్షమించేదాన్నే. ఇది మాత్రం నేను చచ్చేదాకా మర్చిపోను."

ఎలీనా నా చేతిలోంచి కొంగు లాక్కుంది. ఇద్దరివైపూ చూడలేదు. విప్పి, దులిపి, తలమీద వేసుకుంది. లేసు సరిగ్గా నుదుటిమీదికి వచ్చింది, మిగతాది వీపు మీదుగా నడుం దాకా జారింది. చర్చిలో పెళ్లికూతురు వేసుకునే ముసుగు ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంది.

"ఐ కెన్ వేర్ ఇట్ లైక్ దిస్," అంది. పట్టు కదా, నిలవక జారిపోతోంది. ఒక చేత్తో పట్టుకుని, "డజ్ ఎనీవన్ హావ్ ఎ పిన్?" అని అడిగింది.

హాలు నిండా కుట్టుపని చేసే ఆడవాళ్లే. నా అరుపులకి బిగుసుకుపోయి ఒక్కరూ కదల్లేదు.

త్రిపుర తన మెడలో చెయ్యి పెట్టింది. జాకెట్టు లోపలి నుంచి మంగళసూత్రం గొలుసు పైకి తీసింది. నల్లపూసల పక్కన తగిలించుకున్న పిన్నీసు ఊడదీసింది. యోగానంద్ వైపు ఈసారి చూడలేదు. నేరుగా ఎలీనా దగ్గరికి వచ్చి రెండు చేతులూ ఎత్తింది. చేతులు ఎత్తగానే జారిన తెల్లకొంగు ఆవిడ భుజం మీద పడింది. ఆవిడ తోసేయలేదు. అలాగే ఉంచుకుని, నా కూతురి జుట్టులోకి గుడ్డను కుచ్చి పిన్నీసు పెట్టడం మొదలుపెట్టింది. పెదవులు ఏదో గొణుగుతున్నాయి, ఏ దేవుణ్ణి తలుచుకుంటోందో మరి.

నా కోపం తగ్గిందనుకోకండి. తగ్గలేదు.

"అక్కడ కాదు త్రిపురగారూ!" అని అరిచాను. "ఇంకొంచెం పైకి పెట్టండి. దేవుడి ముందు నిలబడ్డప్పుడు ఊడిపోకూడదు."