ఇంటి వెనక మోర్చా

జైపాల్ ఇంటి వెనక గొయ్యి తవ్వడం మొదలుపెట్టినప్పుడు భార్య సునంద సంతోషపడింది. వారాల తరబడి మంచం దిగని మనిషి గడ్డపార పట్టుకున్నాడు, అదే చాలనుకుంది. "నీళ్ల సంపుకా?" అని అడిగితే తల ఊపాడు. పటేల్‌గూడలో ట్యాంకర్ కోసం ఎదురుచూడని ఇల్లు లేదు. ఇరుగుపొరుగు కూడా మంచి పనే చేస్తున్నాడన్నారు.

ఫౌజులో హవల్దారుగా చేసి పింఛనుతో ఇంటికొచ్చిన జైపాల్, పాశమైలారంలో ఓ రసాయనాల ఫ్యాక్టరీ గేటు దగ్గర సెక్యూరిటీ గార్డుగా చేరాడు. సరిహద్దులో ఏం చూశాడో ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. నిద్రలో పళ్లు కొరికేవాడు. దీపావళికి తలుపులేసుకుని కూర్చునేవాడు. అంతవరకే. అలా ఉండగా ఈ ఎండాకాలంలో పక్క ఫ్యాక్టరీలో రియాక్టర్ పేలింది. జైపాల్ ఆ పొగలోకి పరిగెత్తి, ఒడిశా కూలీలను భుజాన వేసుకుని బయటికి తెచ్చాడు. అందరూ పొగిడారు. ఆ పొగడ్తలు వింటూనే అతను మాట తగ్గించాడు. తర్వాత డ్యూటీకి పోవడం మానేశాడు.

గొయ్యి పెరిగేకొద్దీ సునందకు ఏదో తేడాగా అనిపించింది. సంపయితే నలుపలకలుగా ఉండాలి. ఇది సన్నగా, పొడుగ్గా సాగి, మధ్యలో మోచేయిలా వంగింది. దిగడానికి మట్టిలోనే మెట్లు చెక్కాడు. అంచు వెంట ఇసుక నింపిన సిమెంటు సంచులు పేర్చాడు. మేస్త్రీని పిలుద్దామంటే వద్దన్నాడు.

ఒక సాయంత్రం ఆరిన బట్టలు తీయడానికి వెనక్కి వెళ్లింది. జైపాల్ కూతురు సృజనను గోడకు ఆనించి నిలబెట్టి, మడమ నుంచి నడినెత్తి దాకా తాడుతో కొలుస్తున్నాడు. తర్వాత ఆ తాడును గొయ్యిలోకి వేలాడదీసి చూసుకున్నాడు.

"ఏం జేస్తున్నవయ్యా?" సునంద గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

"పిల్ల నిలబడితే తల బయటికి కనబడొద్దు గదా" అన్నాడు చాలా మామూలుగా. "నీ కొలత ఎప్పుడో తీసుకున్న. నువ్వు నిద్రల ఉన్నప్పుడు."

పాత ఫౌజీల కుటుంబాల కోసం ఒక ట్రస్టు వాళ్లు ప్రతి శనివారం చర్చి వెనక హాల్లో కూర్చుంటారని సునందకు తెలుసు. అంతకుముందు ఆ గేటు దాకా పోయి తిరిగొచ్చింది కూడా. పిచ్చోని పెళ్లాం అంటారని భయం. ఈసారి ఆగకుండా లోపలికి నడిచింది.

అక్కడ డెబోరా ఉంది. పెద్ద దవాఖానాలో మానసిక రోగుల వార్డు నర్సుగా చేసి రిటైరైన మనిషి. పక్కన విక్టర్. సైన్యంలో నాయక్‌గా చేసి వచ్చాక తనే సాయం కోసం ఈ హాలుకు వచ్చాడు. ఇప్పుడు సాయం చేసేవాళ్లలో ఒకడు. సునంద చెబుతుంటే ఇద్దరూ మధ్యలో ఆపలేదు.

అంతా విన్నాక డెబోరా సూటిగా అడిగింది. "సచ్చిపోతనని ఎప్పుడన్న అన్నడా అమ్మా?"

"లేదు మేడం. బతకాలెనంటడు. మమ్మల్ని బతికియ్యాలెనంటడు. గదే నాకు భయం."

విక్టర్ ముఖం మారింది. "అది సంపు కాదక్కా, మోర్చా. తూటాల నుంచి దాక్కోనీకి మేం తవ్వుకునే గొయ్యి" అన్నాడు.

అప్పుడే సునంద ఫోన్ మోగింది. సృజన బడి నుంచి టీచర్. "మీవారు వచ్చి పాపను తీసుకపోయిండ్రు. ఇంట్ల అర్జెంటన్నరు. అంతా మంచిదే గదా?"

విక్టర్ కారు తీశాడు. డెబోరా దారిలోనే 108కు ఫోన్ చేసి, సైరన్ మోగించకుండా వచ్చి వీధి మలుపులో ఆగమంది.

ఇంటి తలుపు బార్లా తీసి ఉంది. పేలుతుందని కాబోలు, గ్యాస్ సిలిండర్‌ను వాకిట్లో పడేశాడు. వెనక గొయ్యి మీద రేకులు పరిచి, వాటి మీద మట్టి కప్పి ఉంది. ఒక పక్క మాత్రం మనిషి దూరేంత సందు. ముసురుకు తడిసిన అంచుల నుంచి మట్టి పెళ్లలు లోపలికి జారుతున్నాయి.

"సృజనా!"

"అమ్మా, నువ్వు గూడ లోపలికి రా. డాడీ జల్దీ రమ్మంటుండు." ఆ గొంతులో ఏడుపు లేదు. అది సునందను ఇంకా భయపెట్టింది.

ఆమె ముందుకురికితే విక్టర్ చెయ్యి అడ్డం పెట్టాడు. "గుంజకుండ్రి అక్కా. గుంజితే ఇంకా లోపలికి పోతడు."

అతను సందు ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. "హవల్దార్ సాబ్! నేను నాయక్ విక్టర్. లోపలికి రావచ్చా?"

లోపలి నుంచి జైపాల్ గొంతు వచ్చింది.

"నీ వెనక ఎవరున్నరు?"

"మీ ఇంటామె, ఒక నర్సమ్మ. ఎవల చేతుల్ల ఏం లేదు."

"కంపెనీ సైరన్ మోగిందా?"

"ఇంకా మోగలే సాబ్."

మోగదని విక్టర్ అనలేదు. ఆ సంగతి సునంద తర్వాత చాలాసార్లు తలుచుకుంది.

విక్టర్ పాక్కుంటూ లోపలికి దిగాడు. బయట ఉన్న ఇద్దరికీ మాటలు మాత్రమే వినబడుతున్నాయి.

"ఎప్పటి నుంచి పహారా, సాబ్?"

"పేలినప్పటి నుంచి."

"పండుకోలేదా?"

"నేను పండుకుంటే ఎవలు సూస్తరు?"

"నేనొచ్చిన గదా. డ్యూటీ నాకియ్యండ్రి. మట్టి జారుతుంది, పాపను మీరే పైకి తోలుకపోండ్రి."

గొయ్యి అవతలి చివర రేకు ఒకటి బరువుకు కిర్రుమని వంగింది. సునంద నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అప్పుడు సందులోంచి బురద చేతులు రెండు బయటికొచ్చాయి. సృజన. ఆమె వెనకే జైపాల్. ఆఖరున విక్టర్.

అందరూ వాకిలి చేరకముందే వెనక దబ్బుమని చప్పుడైంది. రేకులు మట్టితో సహా కూలి, గొయ్యి సగం పూడిపోయింది. జైపాల్ వెనుదిరిగి దాన్ని చూశాడు. తర్వాత కూతుర్ని చూశాడు.

"నా చేతులతోని నేనే బిడ్డను పూడుస్తుంటినా?" అంటూ కూలబడ్డాడు. డెబోరా అతని పక్కనే నేల మీద కూర్చుంది. అంబులెన్స్ వచ్చేదాకా లేవలేదు.

దవాఖానాలో మొదటి రోజులు నిద్రతోనే గడిచాయి. మందులు కుదరడానికి వానాకాలమంతా పట్టింది. ఇప్పుడు జైపాల్ ప్రతి శనివారం హాల్లో విక్టర్ పక్కన కూర్చుంటాడు. ఒకనాడు ఎవరూ అడగకుండానే, కొండ మీద తన కళ్ల ముందు పోయిన దోస్తు పేరు చెప్పాడు. సునంద ఆ పేరు వినడం అదే మొదలు.

ఇక గండం గడిచిందనుకుంటుండగా టీచర్ పిలిపించింది. సృజన తన బెంచీ మీద కూర్చోవడం లేదట. తలుపు పక్కనే కూర్చుంటుందట. ఎవరు లేపినా లేవదట.

"ఎందుకు బిడ్డా?" అని అడిగింది సునంద.

"ఎక్కడ కూసున్నా బయటికి పోయే తొవ్వ సూసుకోమన్నడు డాడీ. గా కంపెనీ నిజంగనే పేలింది గదమ్మా. మళ్ల పేలదా?"

తను రోజూ పనికి పోయే ప్యాకింగ్ యూనిట్‌లో బయటికి పోయే తలుపు ఎక్కడుందో సునంద ఎన్నడూ చూసుకోలేదు.

ఆ శనివారం కూతుర్ని కూడా హాలుకు తీసుకెళ్లింది. సృజన ద్వారం పక్కనే కుర్చీ వేసుకుంది. డెబోరా ఆమెను లోపలికి రమ్మనలేదు. తన కుర్చీనే ఎత్తుకొచ్చి ఆ పిల్ల పక్కన వేసుకుంది. అంతలో గాలి మళ్లింది. గడ్డపోతారం ఫ్యాక్టరీల వైపు నుంచి ఘాటు వాసన హాల్లోకి దూరింది. కిటికీలు మూసేద్దామని డెబోరా లేచింది.

"కిటికీలు మూయండ్రి ఆంటీ" అంది సృజన, ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని. "తలుపు మాత్రం మూయకుండ్రి."