బ్యారన్ తగలబడే పాట

రమోనా గోరమ్ రెండు గుండుసూదులు పళ్ళ మధ్య పట్టుకుని, మూడోదాన్ని బొటనవేలితో బోర్డులోకి దింపింది. చీటీ కాస్త వంకరగా వచ్చింది. పీకి మళ్ళీ గుచ్చింది. చీటీ వంకరగా ఉంటే మనసు లేకుండా పెట్టినట్టుంటుందని ఆమె నమ్మకం.

డిసెంబరు మొదటి వారం. నాష్‌విల్‌లోని ఆ చిన్న టీవీ ఛానెల్ ఆఫీసులో, కిటికీ లేని గదిలో, గోడ మీది కార్కు బోర్డు నిండా ఆ ఏడాది వచ్చిన కంట్రీ పాటల వీడియోల పేర్లు వేలాడుతున్నాయి. అన్నిటికన్నా పైన ఉన్నది మొదటి నంబరు, అడుగున ఉన్నది ఇరవయ్యోది. ఆ వరసలో చోటు దొరకనివి నేల మీద పడి ఉంటే, సాయంత్రం ఊడ్చే మనిషి చేటలోకి ఎత్తుకుపోతాడు. ఒక్కొక్క చీటీ వెనక ఎవరో అప్పు చేసి తీయించుకున్న వీడియో ఉంటుంది. ఆ సంగతి తెలుసు కనక రమోనా నేల మీది చీటీలని తొక్కదు, చుట్టూ తిరిగి వెళుతుంది.

ఆమెకి యాభై ఎనిమిదేళ్ళు. పొడుగు మనిషి. టేపుల అరల మధ్య వంగి వంగి మెడ ముందుకి వాలింది. కళ్ళజోడు దారానికి వేలాడుతుంది. మణికట్లు మాత్రం మగవాళ్ళ మణికట్లంత లావు. పాడదామని వచ్చి హోటళ్ళలో కప్పులు అందిస్తూ మిగిలిపోయిన వాళ్ళతో నిండిన ఊరది. రమోనా మాత్రం పాడటానికి రాలేదు, టైపు కొట్టడానికి వచ్చింది. టైపు మిషన్లు పోయాక టేపులు సర్దమన్నారు, సర్దింది. తర్వాత ఏ వీడియో ఏ గంటకి వెయ్యాలో పట్టీ తయారుచెయ్యమన్నారు, చేస్తోంది. మధ్యలో ఒక పెళ్ళి జరిగింది. అది కూడా పెద్దగా చప్పుడు లేకుండానే అయిపోయింది. విడిపోతూ మొగుడు పడవ తీసుకుపోయాడు, కుక్క ఈమె దగ్గర ఉండిపోయింది. ఇప్పుడు ఆ కుక్క కూడా లేదు.

ఏడాది చివర ఇరవై మంచి వీడియోలు ఏరే ముగ్గురిలో ఆమె ఒకతె. ఆ ఒక్క వారం మాత్రం ఆఫీసులో ఎవరైనా ఆమె మాట కోసం ఆగుతారు.

"రమోనా గారూ, లెక్కపెట్టాను. ఇరవైలో పదమూడింట్లో పికప్ ట్రక్కు ఉంది," అంది ట్యాన్సీ. ఆమె ఆ ముగ్గురిలో చిన్నది, వేరుశనక్కాయలు ఒలిచి చల్లని కోలాలో వేసుకుని తాగుతోంది.

"మిగతా ఏడూ ఎందుకున్నాయి మరి? తీసెయ్," అన్నాడు రాయిస్ టిడ్‌వెల్. వాళ్ళిద్దరికీ పై అధికారి. బూట్లు విప్పి కాళ్ళు బల్ల మీద పెట్టుకున్నాడు.

"నీ సాక్సు కంపుకి మొదటి నంబరివ్వచ్చు. కాళ్ళు దించు," అంది రమోనా. అతను దించాడు.

ఆ గదిలో ఒక పద్ధతి ఉంది, రాయిస్ పెట్టినదే. చీటీని పైకి జరిపేవాళ్ళు ఎందుకు జరుపుతున్నారో పైకి చెప్పాలి. కిందికి దించేవాళ్ళు ఏమీ చెప్పక్కర్లేదు. నచ్చని దానికి కారణాలు ఎన్నైనా పుట్టుకొస్తాయి, నచ్చిన దానికి చెప్పడమే కష్టం అంటాడతను. ఇన్నేళ్ళుగా రమోనాకి ఆ పద్ధతి మీద గౌరవం.

ఆ రోజు పొద్దున దాని చాటునే ఆమె ఒక పని చేసింది. మూడో నంబరు దగ్గరున్న చీటీ పీకి తొమ్మిదిలో గుచ్చింది.

ట్యాన్సీ నమలడం ఆపింది. "అదేంటండీ. నేను దాన్ని ఒకటికి అడుగుదామనుకుంటున్నా."

రమోనా నోట్లో సూదులున్నాయి. సూదులున్నందుకు సంతోషించింది.

రాయిస్ ఆమె వైపు చూశాడు, తర్వాత బోర్డు వైపు చూశాడు. "కిందికే కదా. అడక్కూడదు," అన్నాడు.

అది మేవిస్ కార్లైల్ అనే కొత్త అమ్మాయి పాట. మొగుడు చనిపోయిన ఒక రైతు భార్య, అతను కట్టిన, పొగాకు ఆరబెట్టే బ్యారన్‌కి తన చేత్తో నిప్పు పెడుతుంది. కథంతా అదే. నిజం బ్యారన్‌ని నిజంగానే తగలబెట్టి తీశారు. జులైలో ఆ టేపు వచ్చిన రోజు, పట్టీ రాయడానికి వేసి చూసి, రమోనా మిషన్ ఆపి కూర్చుండిపోయింది. తలుపుకి అడ్డంగా కొట్టిన ట్రక్కు వెనక రేకు ఆమెకి తెలుసు. దాన్ని కొట్టేటప్పుడు మేకులు అందించింది ఆమే.

అది ఆమె తండ్రి ఆర్విల్ గోరమ్ బ్యారన్. ఆయన్ని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో వృద్ధాశ్రమంలో చేర్చిన మరుసటి వసంతంలో ఆమె తమ్ముడు వెండెల్ భూమి అమ్మేశాడు. కొన్నవాడికి అక్కడ ఇళ్ళు కట్టాలి, పాత బ్యారన్ అడ్డం. వీడియో తీసేవాళ్ళెవరో వచ్చి మేమే కాల్చిపెడతాం అంటే సరే పొమ్మన్నాడు. తండ్రికి మాత్రం అక్కాతమ్ముడూ కూడబలుక్కుని, కౌలుకి తీసుకున్నవాడు బ్యారన్ నిండా పొగాకు వేలాడదీశాడని చెప్పారు.

ఆ వైపు పొగాకుని పొగలోనే ఆరబెడతారు. బ్యారన్ నేల మీద హికరీ చెక్కలు పేర్చి, పైన రంపప్పొట్టు కప్పి, కుమ్ములా రాజేస్తారు. రోజుల తరబడి పొగ రావాలి, మంట లేవకూడదు. లేచిందంటే ఏడాది పంటా బ్యారనూ కలిసి పావుగంటలో పోతాయి. శరత్కాలమంతా ఆర్విల్ ఇంట్లో పడుకునేవాడు కాదు. బ్యారన్ ముందు, చేతికందేలా నిండు నీళ్ళ బకెట్టు పెట్టుకుని, ట్రక్కు సీట్లో, టోపీ మొహం మీదికి లాక్కుని, ఒక కన్ను చూరు మీదే ఉంచి నిద్రపోయేవాడు. ఆ రోజుల్లో స్కూలు బస్సులో రమోనా పక్కన కూర్చున్న పిల్లలు, పందిమాంసం కాల్చిన వాసనొస్తోందని ముక్కు మూసుకునేవాళ్ళు. ఎంత పీల్చి చూసుకున్నా ఆమెకి మాత్రం ఏ వాసనా తెలిసేది కాదు.

ఆశ్రమంలో ఆర్విల్ పొద్దస్తమానం వాళ్ళ ఛానెలే చూస్తాడు, కూతురు పనిచేసేది అందులో అని. అందుకే జులై నించీ రమోనా ఆ వీడియోని పగలు వెయ్యనివ్వలేదు. ఏడింటికి ఆయన్ని పడుకోబెడతారని తెలుసు. పట్టీలో ఆ పాట ఎప్పుడూ తొమ్మిది దాటాకే వచ్చేది. పట్టీ చేతిలో ఉంది కనక ఎవరూ గమనించలేదు. కానీ మొదటి అయిదులో పడ్డ వీడియోలు కొత్త సంవత్సరం రోజు పొద్దుట్నించి సాయంత్రం దాకా తిరిగి తిరిగి వస్తాయి. అవి ఆమె పట్టీకి లొంగవు. నలభై ఏళ్ళు మంట లేవకుండా కాపలా కాసిన మనిషి, కుర్చీలో కూర్చుని, తన బ్యారన్ కాలిపోతుంటే గంటకోసారి చూడాలి.

అందుకని తొమ్మిదో నంబరు. ఆ ఏడాది వచ్చినవాటిలో అంతకన్నా మంచిది లేదని ఆమెకి తెలుసు. తెలిసే దించింది. మధ్యాహ్నం చీజ్ పెట్టిన రొట్టె సగం తిని, మిగతా సగం కాగితంలో చుట్టి చెత్తబుట్టలో పడేసింది.

ఆ రోజు గురువారం. గురువారాలు ఆమె తొందరగా బయల్దేరి తండ్రికి రాత్రి భోజనం తినిపించి వస్తుంది. రోడ్డుకి రెండు వైపులా పొలాలు ఖాళీగా ఉన్నాయి. ఎక్కడో ఒకచోట ఆలస్యంగా కోసినవాళ్ళ బ్యారన్ చూరుల్లోంచి నీలంగా పొగ పాకుతోంది. ఆమె అటు చూడలేదు.

ఆర్విల్ దిండ్లకి ఆనుకుని ఉన్నాడు. పోయిన వారం కన్నా చిక్కాడు. చెంపలు లోపలికి పోయి చెవులు పెద్దవిగా కనబడుతున్నాయి. జులైలో పడి తుంటి దెబ్బతిన్నప్పట్నించీ నడక లేదు. టీవీలో ఎవడో గుర్రం మీద పాడుతున్నాడు. ఆమె గ్లాసు మజ్జిగలోకి మొక్కజొన్న రొట్టె చిదిమి, చెంచాతో కలిపి, నోటికందించింది.

"రాత్రి మన బ్యారన్ వచ్చింది," అన్నాడాయన.

చెంచా మధ్యలో ఆగింది. "ఎక్కడికి నాన్నా?"

"ఎక్కడికేంటి, టీవీలోకి. రోజూ వస్తదిగా." మింగి, చెయ్యెత్తి పెదవి తుడుచుకున్నాడు. "వెండెల్ గాడికి అబద్ధం ఆడటం కూడా రాదు. కౌలుకిచ్చామన్నాడు. నిజంగా ఎవడన్నా అందులో పొగ పెడుతుంటే, నన్ను ఒక్క మాట అడక్కుండా ఉంటాడా? ఆ బ్యారన్ పడమర మూల గాలి దూరి మంట లేస్తదని తెలీకుండా ఎవడు పెడతాడు?"

"ఎప్పట్నించి చూస్తున్నావు?"

"జులై నించి. నాకు నిద్దరెక్కడమ్మడూ. మొదటిసారి చూసినప్పుడు లేచి పరిగెత్తబోయా. కాళ్ళున్నాయనుకున్నా, లేవు." నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది.

బాత్రూముకి వెళుతూ జారారని ఆశ్రమం వాళ్ళు అప్పుడు ఆమెకి ఫోన్‌లో చెప్పారు. రమోనా మజ్జిగ గ్లాసుని రెండు చేతులతో పట్టుకుంది.

"నువ్వు మంచి టైముకి వేస్తున్నావు," అన్నాడాయన. "పగలైతే ఈ ముసలాళ్ళంతా చేరి గోల. నాకు నిద్దర పట్టదని తెలిసి మా అమ్మాయే రాత్రికి పెట్టిందని నర్సు కార్లెటాకి చెప్పా. చాలా పెద్ద ఉద్యోగం అన్నా."

ఆమె గ్లాసు పక్కన పెట్టింది. "నీకు కష్టంగా లేదా నాన్నా, అది చూడటం?" అంది.

"ఎందుకు లేదు." ఆయన టీవీ వైపు చూస్తూ ఆలోచించాడు. "కానీ, ఇన్నేళ్ళూ దాన్ని మండకుండా చూశానా, మండితే ఎట్టా ఉంటదో నాకు తెలీదు. ఓక్ దూలాలు గదా. బాగా మండింది. ఒకటే ఇబ్బంది, తొమ్మిది దాటితే వీళ్ళు సౌండు కట్టేస్తారు. ఏం పాడతదా పిల్ల?"

రమోనాకి పాట రాదు. మామూలుగా మాట్లాడినట్టు చెప్పింది. మా ఆయన కట్టాడు, నేను దాన్నీ ఆయన వెనకే పంపేస్తున్నాను, ఖాళీ తలుపు గాలికి కొట్టుకుంటుంటే వినలేను అని పాడుతుంది నాన్నా.

"మొగుడు పోతే పోయాడు, బ్యారన్ ఏం చేసిందంట?" అన్నాడు ఆర్విల్. ఇద్దరూ నవ్వారు. ఆయనే ముందు ఆపాడు. "ఎన్నో నంబరిచ్చారు దానికి?"

"ఇంకా తేలలేదు."

"మొదటిదైతే పగలు కూడా వేస్తారా?"

"రోజంతా వేస్తారు. సౌండుతో."

"అయితే ఈ ముసలాళ్ళనందర్నీ వరసగా కూచోబెడతా," అన్నాడాయన. ఆ మాటకే అలిసిపోయి కళ్ళు మూసుకున్నాడు.

నడవా చివర నర్సుల బల్ల మీద ఫోను ఉంది. కార్లెటా దాన్ని ఇటు తిప్పి, తన మందుల ట్రేలతో పక్కకి జరిగింది. అవతల రాయిస్ ఇంకా ఆఫీసులోనే ఉన్నాడు.

"జాబితా పంపేశావా?"

"కోటు వేసుకుంటున్నా. పొద్దున్నే పంపుతా. ఏం?"

"తొమ్మిదో చీటీ పైకి జరపాలి."

"కారణం?"

"అది మా నాన్న బ్యారన్, రాయిస్."

"అయ్యో, రమోనా," అన్నాడు. తర్వాత నెమ్మదిగా, "కానీ అది కారణం కాదు. నీకూ తెలుసు," అన్నాడు.

తెలుసు. ఆమె ఫోను తీగ వేలికి చుట్టుకుంది. పొద్దుట్నించీ నోట్లో సూదులు పెట్టుకుని దాటేసిన మాట ఇప్పుడు వెతికి తేవాలి.

"చివర్లో చూడు. ఆ అమ్మాయి ట్రక్కు ముందు నిలబడుతుంది. ఏడవదు. కాసేపటికి చేతులు రెండూ చాపి ఆ మంట దగ్గర కాచుకుంటుంది. అలా చెయ్యమని ఎవరో చెబితే చేసినట్టు లేదు. చలేసి చేసింది. తగలబడేది తనదే, అయినా చలేస్తే చేతులు చాపుతాం. ఈ ఏడాది మనం చూసినవాటిలో ఇంకెక్కడా నాకు అంత నిజం కనబడలేదు."

"ఇన్నేళ్ళలో నువ్వు ఒక్కసారిగా ఇంత మాట్లాడటం ఇదే," అన్నాడు రాయిస్. "ఎక్కడికి జరపమంటావు?"

"పైకి. పైకంటా."

"ఉండు." బూట్ల చప్పుడు దూరమై, మళ్ళీ దగ్గరైంది. "పెట్టాను. వంకరగా వచ్చింది. నువ్వొచ్చి సరిచేసుకో."

ఫోను పెట్టేశాక ఆమె అక్కడే నిలబడింది. మంచి వీడియో కనక జరిపిందా, తండ్రి ముసలాళ్ళని వరసగా కూచోబెట్టుకోవాలని జరిపిందా అనేది ఆమెకే తెలియలేదు. చెప్పిన కారణం నిజమే. నిజమైనా, లోపల ఎక్కడో దొంగతనం చేసినట్టే ఉంది.

గదిలోకి వచ్చేసరికి ఆర్విల్ నోరు కొద్దిగా తెరుచుకుని నిద్రపోతున్నాడు. లేపి చెబుదామని భుజం మీద చెయ్యి వేసింది. "పడుకోనివ్వండి రమోనా గారూ, రెండు రోజులుగా కన్ను మూయలేదు," అంది కార్లెటా వెనకనుంచి. ఆమె చెయ్యి తీసేసింది. గడ్డం మీద ఎండిన మజ్జిగ తడిగుడ్డతో తుడిచి, రేపు ఫోన్ చేసి చెప్పచ్చులే అనుకుని, కోటు బొత్తాలు పెట్టుకుంది.

పొద్దున ఆమె ఆఫీసుకి వెళ్ళబోతూ తాళాలు వెతుక్కుంటుంటే ఫోను మోగింది. కార్లెటా గొంతు. నిద్రలోనే, అంది. తెల్లారగట్ల ఎప్పుడో అంది. నొప్పేమీ పడ్డట్టు లేదు అంది.

రమోనా వెళ్ళేసరికి మంచం మీద దుప్పట్లు తీసేశారు. వెండెల్ మధ్యాహ్నానికి వస్తానన్నాడు. ఆర్విల్ టోపీ, గడ్డం గీసుకునే కత్తి, చెప్పులు ఒక కాగితం సంచీలో పెట్టి కుర్చీలో ఉంచారు. ఆమె సంచీ అందుకుంది. బరువే లేదు. టీవీ ఆపేసి ఉంది.

కార్లెటా గుమ్మంలో నిలబడి, చేతులు ఏప్రన్‌కి తుడుచుకుంటూ, నేల వైపు చూపించింది. "అది కూడా ఆయనదేనండీ. రోజూ రాత్రి నింపి అక్కడ పెట్టమనేవారు. తాగేవారు కాదు. పొద్దున్నే నేనే పారబోసేదాన్ని. ఎందుకండీ అని అడిగితే, ఉండనీ, నీకేం బరువు అనేవారు. తీసెయ్యమంటారా?"

రమోనా వంగి చూసింది. టీవీకి సరిగ్గా కింద, మంచం మీంచి చెయ్యి చాస్తే అందేంత దూరంలో, అంచు దాకా నీళ్ళతో ఒక ప్లాస్టిక్ జగ్గు ఉంది.