బొగ్గు బస్సులో చెంగమ్మ

చెంగమ్మ గోనెపట్టా మీద బొగ్గులు పోసుకుని చిన్న సుత్తితో కొడుతోంది. ముక్క నిమ్మకాయంత ఉండాలి. పెద్దదైతే నిప్పు ఆలస్యంగా అంటుకుంటుంది, నుసి అయితే గాలి ఆడదు. పనికొచ్చేవి గంపలోకి, నుసి పక్కకి. చూసి కొట్టడం ఆమె ఎప్పుడో మానేసింది. బొగ్గు ఎక్కడ విరుగుతుందో వేళ్ళకే తెలుసు. తెల్లవారుతున్న పుంగనూరు బస్టాండులో టీకొట్టు పొయ్యి, ఈమె సుత్తి తప్ప ఇంకేవీ నిద్ర లేవలేదు.

ఎదురుగా బస్సు నిలబడి ఉంది. దాని వెనకాల మనిషెత్తు ఇనప పీపా ఒకటి. యుద్ధం వచ్చి పెట్రోలు కరువైనప్పుడు యజమాని అలావుద్దీన్ సాయిబు దాన్ని బెంగుళూరు నుంచి తెప్పించి బిగించాడు. అందులో బొగ్గు కాలితే పుట్టే గ్యాసుతోనే బస్సు మదనపల్లెకు పోయి రావాలి. జనం దాన్ని బాయిలరు అంటారు. యుద్ధం నిరుడే ముగిసింది. పెట్రోలు కూపన్లు మళ్ళీ దొరికాయి. రేపు పొద్దున మేస్త్రీలు వచ్చి బాయిలరు ఊడదీస్తారు. అంటే బొగ్గుతో ఇదే చివరి ట్రిప్పు.

చెంగమ్మది పెద్దపంజాణి దగ్గర ఒక పల్లె. మొగుడు అడవిలో బొగ్గు కాల్చేవాడు, ఆమె గంపకెత్తి పుంగనూరుకు మోసుకొచ్చి అమ్మేది. ఒక ఏడు విషజ్వరం వచ్చి అతను పోయాడు. పిల్లలు లేరు. అత్తగారింట్లో కంచంలో కూడు తగ్గించారు. ఆమె ఎవరితోనూ తగువు పెట్టుకోలేదు, గంప ఎత్తుకుని వచ్చేసింది. చాకళ్ళ ఇస్త్రీపెట్టెలకు, కమ్మరి కొలుములకు బొగ్గు పోసి బతికింది. సాయిబు ఒకనాడు ఆమె గంపలోంచి రెండు ముక్కలు తీసి ఒకదానికొకటి తగిలించాడు. కంచులా మోగాయి. మరునాడే ఆమెను బస్సు పనిలో పెట్టుకున్నాడు.

డ్రైవరు బైరప్పది కుప్పం. భారీ మనిషి. ఒక మాటలో తెలుగు, అరవం, కన్నడం కలిపి మాట్లాడతాడు. భార్య పురిట్లోనే పోయి చాలా ఏళ్ళయింది. బాయిలరు వచ్చిన కొత్తలో, గ్యాసు పుట్టిందో లేదో చూద్దామని గొట్టం దగ్గర అగ్గిపుల్ల గీసి, మరీ దగ్గరగా వంగాడు. భగ్గుమని నీలిమంట లేచి ఒకవైపు మీసం కాల్చేసింది. చెంగమ్మకు నవ్వు ఆగలేదు. మొగుడు పోయాక ఆమె నోరారా నవ్వింది ఆ పొద్దే. మరునాడు బైరప్ప రెండోవైపు కూడా నున్నగా గొరిగించుకుని వచ్చి, ఎలా ఉందని అడిగాడు. ఇదే బాగుండాదని చెప్పింది. అతను మళ్ళీ మీసం పెంచలేదు.

అప్పట్నుంచి రోజూ తెల్లవారుజామున ఇద్దరూ కలిసి నిప్పు రాజేసేవారు. ఆమె బొగ్గు పోస్తే అతను నిప్పుకు గాలి కొట్టే చక్రం తిప్పేవాడు. అతను అలిసిపోతే ఆమె తిప్పేది. నీలిమంట వచ్చేలోపు లోకంలోని కబుర్లన్నీ అయ్యేవి. చూసినవాళ్ళు నాలుగు మాటలు అనుకున్నారు, తర్వాత అనుకోవడానికి ఏమీ మిగల్లేదు.

ఈ పొద్దు బైరప్ప చక్రం తిప్పుతూ తిప్పుతూ ఆగాడు.

"రేపట్నించి నాకు కుప్పం రూటంట చెంగమ్మా. ఆడ టేసను పక్కన మా అమ్మ ఇల్లు ఉండాది. తాళమేసి ఉండాది. నువ్వొస్తే తీస్తాను. మావోళ్ళలో మారుమనువు తప్పేం గాదు."

చెంగమ్మ గంప దించి చేతులు దులుపుకుంది. బొగ్గుమసి పోలేదు.

"ముందు ఈ పొద్దు బస్సెక్కి సూస్తాను డ్రైవరప్పా. కుదిరితే సెప్తా."

నిజానికి ఇన్నేళ్ళుగా బస్సుకు మేత వేసింది గానీ ఆమె ఒక్కసారీ ఎక్కలేదు. సాయిబే నిన్న అన్నాడు, చివరి ట్రిప్పు గదా, నువ్వూ పోయి బాయిలరు చూసుకుని రమ్మని.

టిక్కెట్లు కొట్టే ఓబులేసు ఆమెకు ముందు వరసలో చోటు చూపించాడు. పక్కన ఇమాంబీ, కూతురింటికి పోతూ ఒళ్ళో కోడిపెట్టను పెట్టుకుని కూర్చుంది. మసి అంటుకుంటుందని చెంగమ్మ ముడుచుకుంటుంటే, "అంటనీలేమ్మా, నీ బొగ్గే గదా మమ్మల్ని తిప్పేది" అని ఇంకా దగ్గరికి జరిగింది.

బస్సు కదలగానే చెంగమ్మ ముందున్న కడ్డీని రెండు చేతులా పట్టుకుంది. వేరుశనగ చేలు, ఈతచెట్లు, పొట్టి పుంగనూరు ఆవులు, నీళ్ళబిందెలతో పోతున్న ఆడవాళ్ళు అన్నీ వెనక్కి పరుగెత్తుతున్నాయి. తలమీద గంపతో ఏళ్ళతరబడి నడిచిన దారులు ఇట్లాంటివే. అప్పుడు ఆమెకు కనపడింది కాళ్ళ ముందర నేల మాత్రమే. ఇంత ఆకాశం ఉందని ఇప్పుడే తెలిసింది. చింతతోపు దాటేసరికి ఒక చెయ్యి వదిలింది. వంక నీళ్ళు దాటేసరికి రెండోది కూడా.

మిట్ట దగ్గర బస్సు మూలిగి ఆగింది. ఇది మామూలే. ఓబులేసు కేక వెయ్యకముందే జనం దిగి తోయడం మొదలుపెట్టారు. పెళ్ళయి వస్తున్న కొత్త పెళ్ళికొడుకు పసుపుబట్టలతోనే భుజం ఆనించాడు. తల్లి వద్దంటుంటే పెళ్ళికూతురు కొంగు దోపుకుని తనూ వచ్చింది. చెంగమ్మ వెనకకు పరుగెత్తి బూడిద దులిపి, బొగ్గు పోసి, చక్రం తిప్పింది. బస్సు దగ్గి, ఒళ్ళు విదిల్చి, మిట్ట ఎక్కింది. మళ్ళీ ఆపితే కష్టమని బైరప్ప ఆపలేదు. అందరూ నవ్వుతూ వెంటబడి ఎక్కారు. ఇమాంబీ కోడి తప్పించుకుంటే దాన్ని పెళ్ళికొడుకే పట్టి తెచ్చాడు.

పల్లం వచ్చాక బైరప్ప పాట ఎత్తుకున్నాడు. రాగం కన్నడం, మాటలు అరవం. బస్సంతా చప్పట్లు కొట్టింది. దూరాన ఏనుగుమల్లమ్మ కొండ నీలంగా కనపడింది. చెంగమ్మ తనకు తెలియకుండానే తల ఊపుతోంది.

మదనపల్లెలో జనం దిగిపోయాక బైరప్ప ఆమెను హోటలుకు తీసుకుపోయాడు. బయట బెంచీ మీద కూర్చుని దోసెలు తిన్నారు. కాఫీ మొదటి గుక్కకు ఆమె మొహం చిట్లించి, తర్వాత గ్లాసు వంచి అడుగుదాకా తాగింది. బైరప్ప మీదున్న ఎర్రగళ్ళ తువ్వాలు తీసి ఎడమ భుజం నొక్కుకుంటున్నాడు. తోసింది జనమైనా స్టీరింగుతో కుస్తీ తనదేనని అన్నాడు. చెంగమ్మ గ్లాసు కింద పెట్టింది.

"కుప్పం పోయేటప్పుడు కిటికీ పక్కన సీటు నాకే."

అతనికి వెంటనే అందలేదు. అందాక హోటల్లోవాళ్ళు తొంగిచూసేంతగా నవ్వాడు.

"కుప్పం దాకా యాల? ఇప్పుడే సీటు పట్టిపెడతా పో" అని లేచి, పెద్ద అంగలు వేసుకుంటూ బస్సు వైపు పోయాడు.

చెంగమ్మ కొళాయి దగ్గర చేతులు రుద్ది రుద్ది కడుక్కుంది. గోళ్ళలో మసి ఉండనే ఉంది, అయినా సరేననుకుంది. సంతవీధి మొదట్లో ఒక ముసలామె కనకాంబరాలు అమ్ముతోంది. చెంగమ్మ మూర పూలు కొని, కాసేపు చేతిలోనే పట్టుకుని నిలబడింది. పూలమ్మే ఆమె ఇటు తిరుగమ్మా అని తనే జడలో తురిమింది.

ఆమె వచ్చేసరికి బైరప్ప స్టీరింగు మీద చేతులు మడిచి, వాటి మీద తల వాల్చి ఉన్నాడు. తిరుగు ట్రిప్పుకు ముందు అట్లా కునుకు తీయడం అతనికి అలవాటని ఎన్నోసార్లు చెప్పాడు. పడుకోనీలే అనుకుని ఆమె వెనకకు పోయింది. బూడిద తీసింది. బొగ్గు నింపింది. చక్రం ఒక్కతే తిప్పింది. అగ్గిపుల్ల గీసి, మొహం దూరంగా పెట్టుకుని, నీలిమంట చూసి నవ్వుకుంది.

జనం ఎక్కసాగారు. ఓబులేసు ఈల వేశాడు. బైరప్ప లేవలేదు. చెంగమ్మ ముందుకు వచ్చి అతని తలుపు పక్కన నిలబడింది. డ్రైవరప్పా అనబోయి మానుకుంది. పెళ్ళాలు పిలిచినట్టు పిలవాలనిపించింది.

"ఇదో, నిన్నే. జనాలొచ్చినారు."

భుజం మీద చెయ్యి వేసింది. చల్లగా ఉంది. మొహం ఒకపక్కకు తిరిగి ఉంది. అందులో హోటలు ముందటి నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు.

వైద్యుడు వచ్చి చూసి, గుండె ఆగిందని, బాధపడి ఉండడని చెప్పి వెళ్ళాడు. పక్క బస్సు డ్రైవరు స్టీరింగు దగ్గర కూర్చున్నాడు. బైరప్పను సీట్ల మధ్య పడుకోబెట్టారు. ఎవరూ దిగిపోలేదు, ఎవరూ తమకు చోటు కావాలనలేదు. చెంగమ్మ అతని తల పక్కనే కింద కూర్చుంది. బస్సు ఆగినప్పుడల్లా లేచి పోయి బాయిలరులో బొగ్గు పోసి వచ్చింది. మిట్ట దగ్గర జనం మళ్ళీ దిగి తోశారు. ఆమె ఏడ్చింది, చక్రం తిప్పుతూనే ఏడ్చింది. జడలో పూలు మాత్రం తీయలేదు.

ముందు వరసలో కిటికీ పక్క సీటు పుంగనూరు దాకా ఖాళీగానే వచ్చింది. దానిమీద బైరప్ప ఎర్రగళ్ళ తువ్వాలు పరిచి ఉంది. గాలికి ఎగిరిపోకుండా ఒక కొస కిటికీ కడ్డీకి ముడివేసి ఉంది.