ఎత్తి తోసే తలుపు

మా వెనక గది తలుపు మామూలుగా తెరుచుకోదు. కాలి బొటనవేలు దాని కిందికి దూర్చి, కాస్త పైకి లేపి, భుజంతో లోపలికి తోయాలి. ఆ గదిలో నానమ్మా నేనూ పడుకుంటాం. తలుపు మూసుకుపోతే లోపలున్నవాళ్ళు బయటికి రాలేరు. లోపలి పిడి లాగీ లాగీ ఎప్పుడో ఊడి వచ్చింది. అందుకని నానమ్మ ఒక పాత ఇస్త్రీపెట్టెను తలుపు మూసుకుపోకుండా అడ్డం పెట్టి ఉంచుతుంది. ఇంట్లో ఎవరికీ ఇది వింతగా అనిపించేది కాదు.

గోడ పగులు మాత్రం అందరికీ కనిపించింది. కిటికీ మూల దగ్గర వెంట్రుకలా మొదలై, వానలు వెనకబట్టేసరికి స్విచ్‌బోర్డు దాటి నానమ్మ మంచం మీదికి వచ్చింది. నాన్న ఒక కాంట్రాక్టరును పిలిచారు. ఆయన పెరట్లోనే నిలబడి, "పునాది కుంగింది సార్. గది కూలగొట్టి కొత్తగా వేసుకోవడమే," అని చెప్పి, ఫోన్ మాట్లాడుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం అమ్మ కూరగాయలు తరుగుతూ, "ఎలాగూ కూలగొడతాం కదా, వంటిల్లు అటువైపు పెంచుకుందామా?" అంది.

"మరి అమ్మ?" అన్నారు నాన్న.

"అత్తయ్యగారు కొన్నాళ్ళు బావగారింట్లో ఉంటారు."

"ఇంకొకాయన్ని కూడా పిలుద్దాం. ఆయన ఏమంటే అదే చేద్దాం," అన్నారు నాన్న.

నానమ్మ హాల్లో కూర్చుని అంతా విన్నది. పెదనాన్న ఉండేది మూడో అంతస్తులో. లిఫ్టు లేదు. నానమ్మ మోకాళ్ళతో ఒకసారి పైకెక్కితే మళ్ళీ కిందికి దిగేది డాక్టరు కోసమే. పైగా, ఒకసారి పెరిగిన వంటింట్లో మళ్ళీ తన మంచానికి చోటు ఉండదని ఆమెకు తెలుసు. నాకూ తెలుసు.

రెండో కాంట్రాక్టరు వస్తానన్న రోజు నాకు స్కూలు లేదు. నాన్న పనికీ అమ్మ బజారుకీ వెళ్ళగానే నానమ్మ కేకేసింది.

"ఏమే, ఆ టూత్‌పేస్టు ఇలా పట్రా."

"ఎందుకు నానమ్మా?"

"తెమ్మన్నది తే. ఆరాలు తీయాలంటే పోలీసుల్లో చేరు."

పగుల్లోకి పేస్టు నొక్కి, వేలితో నున్నగా పామింది. చెయ్యి అందని చోట నా చేత పూయించింది. తెల్ల గోడ మీద పగులు మాయమైపోయింది. తర్వాత ఇస్త్రీపెట్టెను మంచం కిందికి తోసింది.

"ఇది తలుపు దగ్గరెందుకుందని అడుగుతాడు. మనకెందుకొచ్చిన గొడవ. నువ్వు మాత్రం నోరు విప్పకు."

నాకు ఆ మాట ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు. చుట్టాలొస్తేనే నేను తలుపు చాటుకు పోతాను. నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయని నా భయమట, నాన్న వేళాకోళం చేస్తుంటారు.

కాంట్రాక్టరు సాయంత్రం వస్తానని మధ్యాహ్నమే వచ్చాడు. నడివయసు మనిషి, చెవి మీద పెన్సిలు. నానమ్మ ఆయన్ని గదిలోకి తీసుకెళ్ళింది. నేను వంటింటి గుమ్మంలో నిలబడి విన్నాను.

"సారు పగులని చెప్పారు. ఎక్కడమ్మా?"

"మావాడికి అన్నీ భూతద్దంలో కనిపిస్తాయి నాయనా. ఇదిగో, కిటికీ కింద కాస్త పెచ్చు లేచింది."

"ఇంతేనా? దీనికి నేనెందుకమ్మా? పైపైన ప్లాస్టరింగ్ చేస్తే చాలు. సారుకి అదే చెబుతాను."

ఆ మాటకు నా మనసు తేలికపడాల్సింది. కానీ నాకు నానమ్మ తలగడ గుర్తొచ్చింది. అది సరిగ్గా ఆ పగులు కిందే ఉంటుంది. పొద్దున్నే దులిపితే దాని నుంచి సిమెంటు రజను రాలుతుంది.

అంతలో గాలికి తలుపు దడాలున పడింది. లోపలి నుంచి ఆయన లాగుతున్న చప్పుడు వినిపించింది.

"అమ్మగారూ, దీన్ని ఎలా తీస్తారు?"

"అందరూ తీసినట్టే నాయనా."

"రావట్లేదు మరి."

"కంగారు పడితే ఏ తలుపూ రాదు. నిదానంగా లాగు."

మళ్ళీ చప్పుడు. "బయట ఎవరూ లేరా?"

"మా మనవరాలుంది. అది ఉన్నా లేనట్టే. కూర్చో నాయనా, నీకు పిల్లలెంతమంది?"

నానమ్మ నన్ను పిలవదని అర్థమైంది. పిలిస్తే తలుపు గుట్టు బయటపడుతుంది. నేను వెళ్ళి, బొటనవేలు దూర్చి, పైకి లేపి తోశాను. తలుపు తెరుచుకుంది. ఆయన నా ముఖం చూడలేదు. నా కాలి వైపు చూశాడు.

"ఇలా తీయడం ఎప్పటినుంచమ్మా?"

ఆయన వెనక నానమ్మ కళ్ళు పెద్దవి చేసింది. ఈ రోజే అంటే సరిపోయేది.

"నేను హైస్కూల్లో చేరకముందు నుంచి," అన్నాను. ఇక నోరు ఆగలేదు. "గోడ కూడా పగిలింది. ఇక్కడి నుంచి నానమ్మ తలగడ మీద దాకా. రోజూ రజను పడుతుంది."

ఆయన గోడను గోరుతో గీసి, వేలు వాసన చూశాడు. కాసేపు గోడ వైపే తిరిగి ఉండిపోయాడు. భుజాలు కదులుతున్నాయి.

"అమ్మగారూ, మీ గోడ కూడా పొద్దున్నే పళ్ళు తోముకుంటుందా?"

నానమ్మ మంచం మీద కూలబడింది. "తోముకోక? దాని పళ్ళూడితే నన్ను అవతలికి పంపేస్తారు నాయనా," అంది.

ఆయన నవ్వు ఆగిపోయింది.

"గది తీసెయ్యాలా?" అని నేనే అడిగాను.

"తవ్వి చూడందే అవునననూ, కాదననూ."

నాన్న ఆయనకే పని అప్పజెప్పారు. "మొదటాయన చూడకుండానే తేల్చేశాడు. ఈయన చూసి కూడా తవ్వాకే చెబుతానన్నాడు," అని అమ్మతో అన్నారు.

తవ్వితే ఒక్క మూలే కుంగిందని తేలింది. మిగతా పునాది గట్టిగానే ఉంది. బట్టలుతికిన నీళ్ళన్నీ ఆ మూలనే ఇంకి మట్టి జారిపోయిందట.

"గది ఉంటుంది," అన్నాడు ఆయన. "ఉతికే బండ మాత్రం ఇక్కడ ఉండకూడదు."

"మరి నా వంటిల్లు?" అంది అమ్మ.

"దాని పునాది బాగానే ఉందక్కా. దాని జోలికి పోకండి."

గోడ కింద కొంచెం కొంచెంగా తవ్వుతూ, తవ్విన మేరకు కాంక్రీటు నింపుతూ వచ్చారు. నానమ్మ మంచం హాల్లోకి మారింది. నాతో మాటల్లేవు. నేను ఎదురుగా ఉన్నా అమ్మతో, "నీ కూతుర్ని అన్నానికి రమ్మను," అనేది. కాంక్రీటును మాత్రం ఇంకెవరికీ వదిలిపెట్టలేదు. కుర్చీ వేసుకుని కూర్చుని, చెంబుతో పదే పదే తడిపేది.

"చాలమ్మా. అది కాంక్రీటు, కొత్తిమీర కాదు," అనేవాడు ఆయన.

"నీ పని నువ్వు చూసుకో. గది నాది."

చివరికి గోడ పగులు పూడ్చారు. వడ్రంగి వచ్చి తలుపు సరిచేసి, కొత్త పిడి బిగించాడు. ఆ రోజు నేను స్కూలు నుంచి వచ్చి, అలవాటు కొద్దీ బొటనవేలు దూర్చి భుజంతో తోశాను. తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంది. పుస్తకాల సంచితో సహా గదిలో బోర్లా పడ్డాను.

నానమ్మ అప్పటికే తన మంచం మీద ఉంది. కొంగుతో నోరు మూసుకుంది కానీ నవ్వు ఆగలేదు.

"లేవే," అంది నాతో. "ముత్యాలేమైనా రాలాయేమో చూసుకో."