ఎగువకు కట్టిన సద్దిమూట

"రేపు కొండకు పోతాండాం నాయనా!" అని కాశన్న తండ్రి చెవిలో అరిచాడు.

"కుండకా? ఇంటి నిండా కుండలే గదరా, మళ్లా పోయేదెందుకు?" అన్నాడు రామప్ప.

"కుండ కాదు, కొండ! ఎగువ అహోబిలం!"

ఇల్లంతా నవ్వింది. వంటింట్లో రొట్టె తడుతున్న కోడలు మల్లక్క మాత్రం నవ్వలేదు. చెవిటివాడైనా మామ సగం నిజమే విన్నాడనుకుంది. ఈ ఇంట్లో మగవాళ్లకు కొండ, ఆడదానికి కుండ. కాపురానికి వచ్చిందగ్గర్నుంచి చంకన కుండ లేకుండా ఆమె నడిచిన దారి ఒక్కటీ లేదు. బావి దాకా నీళ్లకుండ, చేని దాకా సంగటికుండ. అంతకు మించి అడుగు పడితే "యాడికే నడక?" అని అత్త తిమ్మమ్మ కేక.

అందుకే ఈ ఒక్క రోజు నడక మీద ఆమె ప్రాణమంతా పెట్టుకుంది. పేరుకు ఇది ఆడబిడ్డ గురమ్మ మొక్కు. ఈసారి కడుపు పండకపోతే ఇంకొకతెను తెచ్చుకుంటామని అత్తింటివాళ్లు గురమ్మకు చెప్పి పంపారు. జ్వాలా నరసింహస్వామికి ముడుపు చెల్లిస్తే ఫలిస్తుందని తిమ్మమ్మ నమ్మకం. ఎల్లుండే అత్తింటి బండి వస్తుంది కాబట్టి రేపు తప్పితే మళ్లీ దినం లేదు. "నువ్వూ రాయే, కొండమీద నీళ్లు ముంచిచ్చేదానికి మనిషి కావాల" అన్నాడు కాశన్న చెల్లెలి ముందర. ఆ పిలుపులో ప్రేమ లేదు, పని ఉంది. అయినా పిలుపు పిలుపే కదా!

పథకమంతా మల్లక్కదే. తేనె అమ్మవచ్చిన చెంచమ్మను కూర్చోబెట్టి దారి అడిగి తెలుసుకుంది. కోడి కూయకముందే బండి కట్టాలి. ఎగువ గుడి దగ్గర ఎద్దులను విప్పి, భవనాశి వాగు వెంబడి రాళ్ల మీద కాలినడక. ఎండ నెత్తికెక్కేలోగా స్వామి గుహ చేరాలి, వాగు ఒడ్డున సద్ది తినాలి, ఎలుగుబంట్లు తిరిగే పొద్దుకు ముందే దిగిరావాలి. ఇంకా పైనున్న ఉగ్రస్తంభం శిఖరం జోలికి పోవద్దు. అత్త మోకాళ్లు ఒప్పుకోవు. వీటన్నిటికంటే ముందు ఇంకో లెక్క ఉంది, అది మగవాళ్లెవరికీ తట్టదు. తన ముట్టు వచ్చిపోయి, తలకు పోసుకున్న తర్వాతే ప్రయాణం పడాలి. అట్లాగే పడేటట్టు చేసింది. దినం తానే పెట్టానని కాశన్న ఇప్పటికీ మీసం దువ్వుతున్నాడు.

రొట్టెలు, ఓళిగలు చేసింది. గురమ్మ ముడుపును పసుపుగుడ్డలో కట్టింది. సాయంత్రం అత్త పశువుల కొట్టంలోకి పిలిచింది.

"మీ మామకు సంగటి కెలికేదెవురే? పొద్దున బండికాడ నువ్వు బయట చేరినావని చెప్తా. మేం పోయినాక తలకు పోసుకోని ఆయనకు వండిపెట్టు."

"మొన్ననే గదా అత్తా పోసుకునింది?"

"నాకు తెలీదా? ఊరికి తెలీదు గదా! నా కొడుకు నిన్ను రమ్మని నోరు జారినాడు. వాని మాట పోకూడదు, నీ నడక పోతే పోనీ."

గడ్డి వేస్తున్న కాశన్న తల కూడా ఎత్తలేదు. "అమ్మ చెప్పింది బాగుండాదిలే. దేవుడు కొండ దిగి యాడికీ పోడు."

"ముట్టు కాకముందే మూల కూచోబెట్టినావే అమ్మా!" అని గురమ్మ పగలబడి నవ్వింది.

మల్లక్క పేడ ఎత్తుతూ ఆలోచించింది. బయటికి పోనివ్వకుండా చేయడానికి బయట చేర్చారు! రాక్షసుని పేగులు చీల్చిన చేతులు స్వామి కడుక్కున్న చోటును రక్తకుండమని కళ్లకద్దుకుంటారు. ఆడదాని ఒంట్లో లేని రక్తానికి కూడా మైల అంటగడతారు. సరే, మైలే కావాలంటే మైలే ఇద్దాం అనుకుంది.

తెల్లవారుజామున బండి తోలే పెద్ద ఈరన్న ఎద్దులను కట్టాడు. తోడొస్తున్న పొరుగింటి రామలక్ష్మమ్మ అప్పుడే ఎక్కి కూర్చుంది. వీధిలో వాళ్లు సాగనంపడానికి చేరారు.

"మా కోడలు రాదమ్మా, బయట చేరింది" అంది తిమ్మమ్మ అందరికీ వినబడేటట్టు.

"అవునమ్మా" అంది మల్లక్క గడప దిగి దూరంగా నిలబడి. "ఇయ్యాల కాదు, నిన్న పొద్దున్నించే. చెప్పేదానికి భయమేసింది."

వీధిలోవాళ్లు రెండడుగులు వెనక్కి జరిగారు. ముందుగా తేరుకున్నది రామలక్ష్మమ్మే.

"అయితే సద్ది ఎవురు చేసినారే?"

"నేనే."

"నీళ్లకాగు?"

"నేనే నింపినా."

"ముడుపు?"

"అదీ నా చేత్తోనే కట్టినా."

రామలక్ష్మమ్మ వయసు మరిచి బండి మీంచి దూకింది. పెద్ద ఈరన్న మారుమాట లేకుండా కాడి దించాడు. మైల తగిలిన ముడుపు కొండెక్కదు. ఇల్లు కడిగి, ఉపవాసముండి మళ్లీ కట్టాలి. రేపు గురమ్మకు బండి వస్తుంది.

కాశన్న పళ్లు కొరుకుతూ చెయ్యెత్తాడు. ముట్టుకుంటే వీధి ముందర తానూ మైలపడి మునగాలని గుర్తొచ్చి, ఎత్తిన చేత్తో తల గోక్కున్నాడు.

"అబద్ధమమ్మా!" అని తిమ్మమ్మ గుండెలు బాదుకుంది. "అది బయట చేరలేదు, శుభ్రంగా ఉండాది! మా ముసలాయనకు సంగటి వండేటోళ్లు లేరని, దాన్ని ఆపేదానికి నేనే అట్ల చెప్పినా. దాని ఒంట్లో ఏ మైలా లేదు, ఆ అహోబిలం సామి తోడు!"

"ఇంతకు ముందే గదా బయట చేరిందంటివి? సామి పేరుతో ఏది నిజమే తిమ్మక్కా?" అంది రామలక్ష్మమ్మ. "దాన్నే అడుగుదాం."

అందరి కళ్లూ మల్లక్క మీద పడ్డాయి. గురమ్మ చేతులు జోడించింది. ఆ కళ్లలో నీళ్లు నిజం నీళ్లే. నిన్నటి నవ్వు కూడా నిజం నవ్వే.

"వదినా, నీ కాళ్లు పట్టుకుంటా. మా అమ్మ మొదట చెప్పింది అబద్ధమని ఒక్క మాట చెప్పు. నా కాపురం!"

మల్లక్క బయటి అరుగు మీద విడిగా చాప పరుచుకుని, నెమ్మదిగా కూర్చుంది.

"నేనెప్పుడైనా అత్తమాటకు ఎదురు చెప్పినానా, గురమ్మా?"