కూల్చినవాళ్ళ సంతకం

కొలతలమ్మ చేసే ఉద్యోగం ఏమిటో వాళ్ళ అత్తగారికి ఏడేళ్ళయినా బోధపడలేదు. ఎవరైనా అడిగితే, "మా కోడలు ఇటుకలకి జాతకాలు రాస్తుంది. ఎక్కడ పుట్టింది, ఎంత పొగ వదిలింది, ఎప్పుడు పోతుంది, అన్నీ చెప్పేస్తుంది. ఇటుకకి నోరుంటే పగలబడి నవ్వేది" అనేది.

వేళాకోళానికి అన్నా అందులో పెద్ద తప్పు లేదు. ఇల్లు కట్టే సామాను ఏదైనా సరే, దాని ముడిసరుకు నేలలోంచి వచ్చిన రోజు మొదలు ఆ గోడను పడగొట్టి పారేసే రోజు దాకా ఎంత ఇంధనం మింగింది, ఎన్ని నీళ్ళు తాగింది, గాలిలోకి ఎంత పొగ వదిలింది అని లెక్క తేల్చడమే ఆమె పని. ఒక చదరపు మీటరు గోడ నేల మీదా గాలి మీదా వేసే భారం ఇంత అని చివర ఒక అంకె వస్తుంది. సంచిలో ఎప్పుడూ ఒక టేపూ, చిన్న తూకం కాటా పెట్టుకుని తిరుగుతుందని ఆఫీసులో ఆ పేరు పెట్టారు. ఆమెకూ ఆ పేరు నచ్చింది.

ఆ ఏడాది ప్రభుత్వం పెద్ద ఆసుపత్రి ఒకటి కట్టబోతోంది. ఇలాంటి లెక్క తేలి, పర్యావరణ పత్రం ఉన్న సామానునే గోడలకు వాడతామని నిర్మాణ శాఖ ప్రకటించింది. దాంతో గడ్డిపలకల ఫ్యాక్టరీ యజమాని పత్రం కోసం కొలతలమ్మ ఆఫీసుకు వచ్చాడు. ఎండుగడ్డిని జిగురుతో కలిపి వేడివేడిగా నొక్కి, రెండు వైపులా పాత సీసాలు కరిగించి తీసిన ప్లాస్టిక్ రేకు అంటిస్తే అదే గడ్డిపలక. మొదటిసారి చేతిలోకి తీసుకున్నప్పుడు కొలతలమ్మ దాన్ని వాసన చూసింది. కోత అయిపోయిన పొలంలో నిలబడినట్టుంది. ఈ పలక నెగ్గితే బాగుండునని అప్పుడే అనుకుంది.

రెండు నెలలు లెక్క కట్టింది. గడ్డి, జిగురు, కొలిమి, లారీ, పత్రంలో అన్ని గడులూ నిండాయి. చివరి గడి ఒక్కటే మిగిలింది: కూల్చాక ఈ పలక ఏమవుతుంది? ఫ్యాక్టరీవాళ్ళు దానికి జవాబు ముందే రాసి పంపారు. రేకు విడదీసి మళ్ళీ కరిగిస్తారట, గడ్డి ఎరువవుతుందట, నూటికి నూరు పాళ్ళూ. ఆ జవాబు ఒప్పుకుంటే పలక భారం మామూలుగా గోడలకు వాడే సిమెంటు దిమ్మెలో సగమే.

"రాసెయ్యమ్మా. యాభై ఏళ్ళ తర్వాత సంగతి. ఎవరు చూడొచ్చారు?" అన్నాడు గురువుగారు. ఆమెకు పని నేర్పిందీ, ఇప్పుడు ఆఫీసు నడుపుతున్నదీ ఆయనే. "అంచనా రాయొచ్చని నిబంధనల్లోనే ఉంది."

"చూడొచ్చండి. పదహారేళ్ళ కింద ఒక పాత బడికి వీళ్ళ మొదటి పలకలతో కొత్త గదులు కట్టారు. రోడ్డు వెడల్పు చేస్తున్నారని ఈ వారమే కూలుస్తున్నారు."

గురువుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.  ఆమె వెళ్ళింది.

బడి సగం నేలమట్టమై ఉంది. కూల్చే జట్టులో పదకొండు మంది, అందరూ ఆడవాళ్ళే. వాళ్ళ పెద్దను గునపాలక్క అని పిలుస్తున్నారు. యాభై దాటిన మనిషి, తలగుడ్డ మీద హెల్మెట్, నోట్లో ఎప్పుడూ ఒక పుల్ల. కొలతలమ్మ పలకల కుప్ప చూపించి అడిగింది.

"ఇవి ఎక్కడికి వెళ్తాయక్కా?"

"ఎక్కడికెళ్తాయి? గోతిలోకి."

"రేకు విడదీయరా?"

గునపాలక్క ఆమెను ఎగాదిగా చూసి చేతిలో గునపం పెట్టింది. "నువ్వు విడదియ్యి, చూద్దాం."

కొలతలమ్మ పావుగంట కుస్తీ పట్టింది. అరచేయి బొబ్బలెక్కింది. రేకు గోరంత ముక్కలుగా లేచింది తప్ప వదల్లేదు, లేచిన ప్రతి ముక్కకీ గడ్డి అంటుకునే ఉంది. చుట్టూ ఆడవాళ్ళు నవ్వుతున్నారు.

"ఎరువులవాళ్ళకిచ్చాం. జిగురుందని తిప్పి పంపారు" అంది గునపాలక్క. "ప్లాస్టిక్‌వాళ్ళకిచ్చాం. గడ్డుందని తిప్పి పంపారు. నాలుగు తగలబెట్టి చూశాం. ఆ కంపుకి దగ్గులొచ్చి తలోదిక్కూ పరిగెత్తాం. ఇంక మిగిలింది గొయ్యే కదమ్మా!"

కొలతలమ్మ నాలుగు పలకలు తూచి రాసుకుంది, ఫొటోలు తీసింది. తిరిగి వస్తుంటే గోడ వెనక టకటకమని చప్పుడు వినిపించింది. బోర్లించిన డబ్బాల మీద ఐదుగురు కూర్చుని పాత ఇటుకలకు అంటిన సున్నం సుత్తితో గీకుతున్నారు. బడి పాత భాగం సున్నంతో కట్టిందట. ఇటుకలు ఎర్రగా, అంచులు చెదరకుండా, నడుమెత్తున పేర్చి ఉన్నాయి.

"ఇవి?"

"ఇవి మళ్ళీ గోడలోకే. చిన్నచిన్న ఇళ్ళవాళ్ళు తీసుకెళ్తారు. పెద్ద కట్టడాలవాళ్ళు ముట్టుకోరు. కాగితం లేదంట."

ఆ మాట కొలతలమ్మను ఇంటిదాకా వెంటాడింది. పదేళ్ళుగా ఈ పనిలో ఉంది. పాత ఇటుకకు లెక్క కట్టమని ఒక్కరూ అడగలేదు. ఎవరడుగుతారు? దానికి ఫ్యాక్టరీ లేదు, యజమాని లేడు.

చివరి గడిలో తను చూసింది రాసేసరికి, సిమెంటు దిమ్మె కన్నా పలక భారం పదో వంతే తగ్గింది. యజమాని పరుగున వచ్చాడు. మోసగాడేం కాదు. పాతికేళ్ళు ఆ పలక మీదే ప్రాణం పెట్టుకున్నాడు.

"పదో వంతు తేడా కోసం శాఖవాళ్ళు కొత్త సామాను వాడరమ్మా. మళ్ళీ సిమెంటే పోస్తారు. అదేనా మీకు కావలసింది?"

 రెండు రోజులు ఆమె ఆ గడి ముందు పెట్టుకుని కూర్చుంది. అబద్ధం ఒక్కటి రాస్తే నిజంగానే కొంత పొగ తగ్గుతుందేమో. మరి గొయ్యి? ఇవాళ ఈ గడిలో అబద్ధం రాస్తే యాభై ఏళ్ళకు ఆసుపత్రి మొత్తం ఆ గోతిలోకే పోతుంది. అప్పుడు అక్కడ దగ్గుకుంటూ నిలబడేది యజమానీ కాదు, గురువుగారూ కాదు.

మూడో రోజు సమావేశం గదిలోకి ఒక పలకా, ఒక గునపమూ మోసుకొచ్చి బల్ల మీద పడేసింది. టీ కప్పులు గలగలలాడాయి.

"విడదీయండి సార్. ఒక్కటంటే ఒక్క పలక. మీరు రేకు తీసి చూపిస్తే నూటికి నూరూ నేనే రాస్తాను."

యజమాని నవ్వి, తనతో వచ్చిన ఫ్యాక్టరీ మేస్త్రి వైపు చూశాడు. మేస్త్రి చొక్కా చేతులు మడిచి ఒకసారి పొడిచాడు, రెండుసార్లు పొడిచాడు. తర్వాత నీళ్ళు నమిలాడు. "ఇది... వేడి మీద అతికిందండి. రాదు."

"రేపు యంత్రాలొస్తాయి" అన్నాడు యజమాని.

"వచ్చిన రోజు కబురు పెట్టండి. ఆ రోజే రాస్తాను."

గురువుగారి ముఖం కందగడ్డయింది. "నువ్వు రాయక్కర్లేదు. సంతకం నేను పెడతాను. బయటికి నడువు."

"పెట్టండి సార్. మీ కలం, మీ ఇష్టం. నేను చూసింది మాత్రం శాఖకు నా పేరుతో ఉత్తరం రాస్తాను. మీకు చెప్పకుండా రాసిందని రేపు అనకండి, ఇప్పుడే చెబుతున్నాను."

రాజీనామా కాగితం అదే బల్ల మీద రాసింది. ఒక్క అక్షరం తప్పలేదు.

ఇంటికి రాగానే అత్తగారు అడిగింది. "ఉద్యోగం ఊడిందా, ఊడగొట్టుకున్నావా?"

"ఊడగొట్టుకున్నానత్తయ్యా."

"అయితే ఫర్వాలేదు. ఊడితే ఏడవాలి గానీ" అని, కోడలి చేతికి మజ్జిగ గ్లాసు ఇచ్చింది.

మర్నాడు కొలతలమ్మ మళ్ళీ బడి దగ్గరికి వెళ్ళింది. "అక్కా, మీ ఇటుకలకి కాగితం రాస్తాను."

"మేం చేసిన ఇటుకలు కావుగా!"

"రాయకూడదని ఎక్కడా లేదు. వెతికాను."

ఐదు వారాలు వాళ్ళు కూల్చే చోటల్లా వాళ్ళతోనే కూర్చుంది. లారీ తాగిన డీజిలు, ఇటుకలు కడిగిన నీళ్ళు, అరిగి పారేసిన సుత్తులు, అన్నీ రాసుకుంది. సిమెంటుతో కట్టిన గోడల్లో పదికి మూడే ఇటుకలు నిండుగా వచ్చాయి. సున్నం గోడల్లో పదికి ఏడు.

"ఎనిమిది" అంది గునపాలక్క. "మావాళ్ళు ఎనిమిది తీస్తారు. దిద్దు."

"ఏడే వచ్చాయక్కా."

"ఒక్క అంకె! మా కోసం ఆ మాత్రం రాయలేవా?"

"వాళ్ళ కోసం రాయనిది మీ కోసం ఎలా రాస్తాను?"

 ఆ తర్వాత రెండు రోజులు టీ కొలతలమ్మ దాకా వచ్చి ఆగిపోయేది. మూడో రోజు గునపాలక్కే వచ్చి, వెయ్యి ఇటుకల గోడ ఒకటి చూపించి, "నా కళ్ళ ముందు లెక్కపెట్టు" అంది. సాయంత్రానికి తేలినవి ఏడు వందల ఆరు.

"సరే, ఏడే. ఏడిచావు" అంది గునపాలక్క. "మరి విరిగిన మూడొందలూ? అవి పునాది కింద పరుస్తారు, గోతిలో పడెయ్యరు. అది రాశావా?"

కొలతలమ్మ కాగితాలు తిరగేసింది. రాయలేదు. పదేళ్ళ అనుభవం ఉండీ మర్చిపోయింది. గునపాలక్క పుల్ల అటు నుంచి ఇటు మార్చి, తన జట్టు వైపు తిరిగి, గెలిచినట్టు చేయి ఊపింది.

పాత ఇటుక గోడ భారం సిమెంటు దిమ్మె గోడలో ఏడో వంతు తేలింది. ప్రయోగశాలలో ఇటుకలు నొక్కి చూస్తే బలానికీ లోటు లేదు. కాలేజీలో పాఠం చెప్పే ఒకావిడ లెక్కంతా సరిచూసి సంతకం చేసింది.

శాఖ ఆఫీసులో గుమస్తా మాత్రం దరఖాస్తు తిప్పి పంపాడు. తయారీదారు పేరు గడి ఖాళీగా ఉందట. మళ్ళీ పెడితే ఫ్యాక్టరీ చిరునామా కావాలన్నాడు. మూడోసారి జట్టంతా వెళ్ళింది, పనిలోంచి లేచినవాళ్ళు లేచినట్టే, ఒంటినిండా సున్నంతో.

"తయారు చేసినవాళ్ళు ఎప్పుడో పోయారు బాబూ" అంది గునపాలక్క. "గోడ కట్టినవాళ్ళూ పోయారు. మిగిలింది కూల్చిన మేమే. మా పేర్లు రాయి."

"ఒక గడిలో పదకొండు పేర్లు ఎలా పడతాయి?"

"చిన్నగా రాస్తాం."

బల్ల దగ్గర వరుస కట్టి ఒక్కొక్కరే రాశారు. గడి నిండి అక్షరాలు అంచు దాటిపోయాయి. గుమస్తా తల పట్టుకుని ఆ కాగితం ఇంజినీరు గదిలోకి తీసుకెళ్ళాడు. గంట గడిచింది. ఎవరూ కదల్లేదు. కూర్చోమన్నా కూర్చోలేదు, కుర్చీలు మాసిపోతాయని నెపం చెప్పారు.

ఇంజినీరు బయటికొచ్చి ఒకటే అడిగింది. "ఆసుపత్రి మొత్తానికి సరిపడా ఉన్నాయా?"

గునపాలక్క నోరు తెరిచేలోపే, "లేవండి. కింది అంతస్తు వరకే" అంది కొలతలమ్మ. గునపాలక్క మోచేత్తో ఒక్కటి పొడిచింది.

కింది అంతస్తు లోపలి గోడలన్నీ ఆ ఇటుకలతోనే లేచాయి. కొలతలమ్మ ఉత్తరం చూసి శాఖవాళ్ళు ఫ్యాక్టరీని ఒక పలక విడదీసి చూపించమన్నారు. చూపించలేకపోయారు. గురువుగారు పెట్టిన సంతకం రద్దయింది. పలక పత్రం పదో వంతు తేడాతోనే బయటికొచ్చింది. పై అంతస్తులకు సిమెంటు దిమ్మెలే వాడారు. యజమాని అన్నంత పనీ అయింది. ఆ సంగతి కొలతలమ్మ ఎవరి దగ్గరా దాచదు. అడిగితే, "అవును, సగం ఓడిపోయాం. కానీ ఆ గడిలో రాసింది నిజం" అంటుంది. గురువుగారు ఎదురుపడితే నమస్కారం పెడుతుంది, ఆయన అందుకోడు.

ఇప్పుడు ఆమె బల్ల జట్టువాళ్ళ షెడ్డులోనే ఉంది. కూల్చిన ఇళ్ళ నుంచి వచ్చే పాత కిటికీ చట్రాలకు లెక్క కట్టి దరఖాస్తు పెట్టారు. నిన్ననే గుమస్తా తిప్పి పంపాడు. ఆ కలప ఏ అడవిలోంచి వచ్చిందో అడవి చిరునామా కావాలట.

రేపు పొద్దున్నే పన్నెండు మందీ వెళ్తున్నారు.